ఎందుకమ్మ అడిగిన మాట

రేవు వీధి, ఐసు ఫ్యాక్టరీ ఎదురు మేడ గది
జులై

మాస్టారికి,

క్షేమంగా చేరాను. గది దొరికింది. కిటికీ తెరిస్తే చేపల వాసన, మూస్తే ఉక్కపోత. రెంటిలో ఏది కావాలో మీరే చూసుకోండమ్మా అంది ఇంటావిడ. తెరిచే ఉంచుకుంటున్నాను. వాసనతో పాటు కాస్త గాలీ, పడవల దీపాలూ కూడా లోపలికొస్తాయి.

ప్రమోషనిచ్చి పంపిన బడి రేకుల షెడ్డు. వాన పడితే ఎవరి మాట ఎవరికీ వినపడదు, ఆ కాసేపూ పిల్లలకి పండగే. మొదటి రోజు ఆరో తరగతికి వెళ్ళి, ఉప్పునీళ్ళు ఎండలో పెడితే నీళ్ళు పోతాయి కదా, ఉప్పెందుకు పోదు అని అడిగాను. అంతే, క్లాసు మొత్తం బిగుసుకుపోయింది. మీరైతే అలాంటి మౌనాన్ని క్షణం భరించరు. మీరే జవాబు చెప్పేసి, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద పడతారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. చాలాసేపటికి ఒకడు లేచి, "టీచర్, తెలియక అడుగుతున్నారా, తెలిసే అడుగుతున్నారా?" అన్నాడు. తెలిసే అన్నాను. "మరి తెలిసినప్పుడు మమ్మల్ని అడగడం దేనికి?" నవ్వాపుకోలేకపోయాను. మీరుంటే వాణ్ణి ఇంటికి తెచ్చి భోజనం పెట్టేవారు.

తర్వాత వాళ్ళ వంతు. సముద్రంలో చేపకి దాహమేస్తే ఏం తాగుతుందని అడిగారు. నాకు తెలియదు. నాకు తెలీదర్రా, కనుక్కుని చెప్తాను అన్నాను. వాళ్ళు నన్ను చూసిన చూపు మీరు చూడాల్సింది. టీచరు నోట ఆ మాట రావడం వాళ్ళెప్పుడూ ఎరగరనుకుంటా. మర్నాడు తలా ఒక జవాబు ఇంటినుంచి మోసుకొచ్చారు.

అసలు విషయం. బదిలీ దరఖాస్తు పెట్టారా? భార్యాభర్తలు ఒకేచోట పనిచేసే వీలుందట, మా హెడ్మాస్టరు గారు రూలు చూపించి మరీ చెప్పారు. దాంతోపాటు డాక్టరు సర్టిఫికెట్ కావాలట. ఒకసారి ఆసుపత్రికి వెళ్ళొస్తే అదీ అయిపోతుంది. ఎప్పుడు పంపుతున్నారో రాయండి.

ఇక్కడ పొద్దున్నే ఎవరూ గట్టిగా గొంతు సవరించుకోరు. నాకు మెలకువ రావడం లేదు.

మీ
పంతులమ్మ

---

కాలవ గట్టు, మన ఇల్లు
జులై చివర

పంతులమ్మకు,

నీ ఉత్తరం అందింది. చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాను. దర్జీ చూసి, "కొత్త పెళ్ళికొడుకులా ఉన్నారే మాస్టారూ" అన్నాడు. ఆయన మిషను మన గోడ పక్కనే కాబట్టి నా బతుకంతా ఆయన కళ్ళముందే.

కుక్కరు చెడిపోయింది. విజిల్ వేయడం మానేసింది. పప్పు మాడి బొగ్గయింది. దర్జీ పరిగెత్తుకొచ్చి స్టవ్ ఆపి, కుక్కరు బాగానే ఉందంటాడు. ఆయనకేం తెలుసు, బట్టలు కుట్టేవాడు. నువ్వొచ్చినప్పుడు కొత్తది కొందాం.

ప్రశ్నల సంగతికొస్తే, క్లాసులో తెలీదు అన్నమాట తొందరపడి వాడకు. నీ సైన్సులో చెల్లుతుందేమో గానీ నా లెక్కల్లో చెల్లదు. ఒకసారి తెలీదన్నామా, మర్నాటినుంచి మనం చెప్పే ఎక్కాల మీద కూడా వాళ్ళకి అనుమానమే.

ఈ ఏడు నా క్లాసు బహు బుద్ధిగా ఉంది. నేను బోర్డువైపు తిరిగి రాస్తుంటే వెనక చీమ చిటుక్కుమనదు. ఎందుకమ్మ గుర్తుందిగా, రెండో బెంచీలో కూర్చునే పిల్ల? ప్రతి లెక్కకీ ఎందుకు ఎందుకు అంటుందని క్లాసు మొత్తం కలిసి ఆ పేరు పెట్టారు. మైనస్ ని మైనస్ తో హెచ్చిస్తే ప్లస్ ఎందుకవుతుంది సార్, రెండుసార్లు కాదంటే అవునన్నట్టా అని అడిగి నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. ఆ పిల్ల కూడా ఈమధ్య చల్లబడింది. పెద్దదవుతోంది కాబోలు.

ఇల్లు మాత్రం నువ్వు లేక మూగబోయింది. నీ గాజులూ, గిన్నెలూ, నీ సణుగుడూ, ఏదీ లేదు. సాయంత్రం మెట్ల మీద కూర్చుంటే కాలవ కూడా చప్పుడు చేయకుండా పోతోంది.

ఒంట్లో జాగ్రత్త. ఉప్పుగాలికి నీకు తుమ్ములు పట్టుకుంటాయి.

నీ
మాస్టారు

---

రేవు వీధి
ఆగస్టు

మాస్టారికి,

కుక్కరు గురించి ఒక పేజీ రాశారు. దరఖాస్తు గురించి ఒక్క ముక్క లేదు.

నిన్న పోస్టాఫీసు నుంచి మీ బడికి ఫోన్ చేశాను. ఇక్కడ ఫోను దగ్గర పెద్ద వరస. నా వంతు వచ్చేసరికి కాళ్ళు పీకేశాయి. మీరొచ్చారు. మీ గొంతు వినగానే నేను చెప్పాలనుకున్నవన్నీ మర్చిపోయాను, అది నా తప్పే. కానీ మీరు చేసిందేమిటి? "ఆఁ, బాగున్నాను. నువ్వు బాగున్నావా? సరే. ఒంట్లో జాగ్రత్త." నేను ఏమండీ, దరఖాస్తు పంపారా అంటున్నాను. "మంచిది, మంచిది" అన్నారు. ఏది మంచిది అన్నాను. పెట్టేశారు. నా వెనక నిలబడ్డ పెద్దాయన జాలిగా చూశాడు. నా చోటు మళ్ళీ నాకే ఇచ్చాడు, ఇంకోసారి చేసుకోమన్నట్టు. చేయలేదు.

మీ క్లాసు బుద్ధిగా ఉందని రాశారు. నా క్లాసూ మొదట్లో అలాగే ఉండేది. వెనక బెంచీలో ఒక పిల్ల ఉంది, ఏమడిగినా నేల చూస్తుంది. రాదేమో అనుకుని పక్కపిల్లని అడిగేసేదాన్ని. ఇప్పుడు మానేశాను. ఆలోచించుకో, మళ్ళీ నీ దగ్గరికే వస్తాను అని చెప్పి, నిజంగానే మళ్ళీ వెళ్తున్నాను. మొన్న ఆ పిల్ల స్టాఫ్ రూము గుమ్మం దాకా నా వెనకే వచ్చి, ముందు వారం అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పి పారిపోయింది. జవాబు సరైనదే. అన్నాళ్ళూ దాన్ని నోట్లోనే పెట్టుకు తిరిగిందన్నమాట.

పొద్దుగూకే వేళకి రేవు గోడ మీద ఆడవాళ్ళు కూర్చుంటారు. ఏ పడవ ఎప్పుడొస్తుందో ఎవరూ ఎవర్నీ అడగరు. దూరంగా పడవ కనపడగానే మాత్రం లేచి పేర్లు పెట్టి పిలుస్తారు. ఇంజను చప్పుడులో వాళ్ళకి వినపడదని తెలుసు. అయినా పిలుస్తారు. నేనూ వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటున్నాను. మీకు సముద్రం మీదనుంచి వచ్చే పని లేదని నాకూ తెలుసు.

దరఖాస్తు పంపారా?

పంతులమ్మ

---

కాలవ గట్టు
సెప్టెంబరు

పంతులమ్మకు,

ప్రతి ఉత్తరంలో అదే ప్రశ్నా? నేనేమైనా నీ వెనక బెంచీ పిల్లనా, ఆలోచించుకో మళ్ళీ వస్తానంటూ వెంటపడడానికి? పంపేటప్పుడు పంపుతాను. పరీక్షలు దగ్గరపడ్డాయి, పేపర్లు దిద్దాలి, ఇంటి పని, వంట పని. ఆసుపత్రి చుట్టూ తిరిగే తీరిక ఎవరికుంది?

ఇకనుంచి ఫోన్ చేయకు. ఆఫీసు గదిలో అందరి ముందూ మాట్లాడడం నాకు చేతకాదు. చెప్పాల్సింది రాయి. రాసింది నేను నింపాదిగా చదువుకుంటాను.

మాస్టారు

కవరు అంటించబోయి ఆగాను. నీ ఆకుపచ్చ చీర ఇక్కడే మర్చిపోయావు. దండెం మీదే ఉంచాను, మడత పెట్టబుద్ధి కాలేదు.

---

రేవు వీధి
సెప్టెంబరు చివర

మాస్టారికి,

సరే. ఇక అడగను.

ఇక్కడ వానలు. బడి నడుస్తోంది. నేను బాగున్నాను.

ఆకుపచ్చ చీర మర్చిపోలేదు. వదిలి వచ్చాను.

పంతులమ్మ

---

కాలవ గట్టు
అక్టోబరు

పంతులమ్మా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. చదివాక నన్నేమన్నా అను.

సోమవారం హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిపించారు. ఎందుకమ్మ వాళ్ళమ్మ వచ్చి ఉంది, పిల్ల పేరు తీయించడానికి. కొన్నాళ్ళుగా ఆ పిల్ల రావడం లేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఆ గది చిన్నది, ఆ తల్లి గొంతు పెద్దది, అందుకని ప్రతి మాటా వినపడింది.

"ఎందుకు మాన్పిస్తున్నావమ్మా, చదివే పిల్ల కదా" అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "మిమ్మల్ని అడిగే వెళ్ళింది కదా సార్. దాని నాన్న పనిలో పడిపోయి నడుం విరగ్గొట్టుకున్నాడు. మా చెల్లెలు రేవులో రొయ్యల షెడ్డులో చేస్తోంది, దీన్నీ పంపమంది. మా సార్ వద్దంటే వెళ్ళనని మంకుపట్టు పట్టింది మీ శిష్యురాలు. సరే, అడిగి రా పో అన్నాను. క్లాసులో లేచి నిలబడి అందరి ముందూ అడిగిందట. సార్, నన్ను బడి మాన్పించి పనికి పంపుతామంటున్నారు, వెళ్ళనా అని. మీరు నవ్వి, చాలా బాగుంది, కూర్చో అన్నారట. ఇంటికొచ్చి ఒక్క మాట మాట్లాడలేదు సార్. మూట తనే సర్దుకుంది."

హెడ్మిస్ట్రెస్ నావైపు చూశారు. నేను నా చేతుల వైపు చూసుకున్నాను.

నాకు వినపడలేదు. ఆ ప్రశ్న ఒక్కటే కాదు. నాకు చెవులు వినపడడం లేదు.

పోయిన చలికాలంలో మొదలైంది. ముందు పిట్టలు పోయాయి. తర్వాత బడి గంట. తర్వాత సన్న గొంతులు, ఆడపిల్లలవి మరీను. ఎడమ చెవి పూర్తిగా పోయినట్టే. కుడి చెవికి దగ్గరగా, ఎదురుగా మాట్లాడితే తెలుస్తుంది. బోర్డువైపు తిరిగితే నా వెనక ప్రపంచం లేదు. బుద్ధిమంతుల క్లాసని నీకు గొప్పగా రాశానే, వాళ్ళు గోల చేస్తున్నారో, గోడ దూకుతున్నారో నాకు తెలియదు. నీ కుక్కరు బంగారంలాంటిది. దాని ఉసురు పోసుకున్నాను.

క్లాసులో ఎవరైనా లేచి నిలబడితే పెదవులు కదలడం కనిపిస్తుంది. ముఖం బట్టి ఒక మాట విసిరేవాణ్ణి. వెలుగుతూ ఉంటే, బాగుంది కూర్చో. దిగులుగా ఉంటే, తర్వాత చూద్దాం. అర్థం కాకపోతే, పుస్తకంలో ఉంది చూడు. వీటితో ఏడాదిగా నెట్టుకొచ్చాను. ఎంత బాగా నడిచిందో చెబితే నమ్మవు. ఆ రోజు ఆ పిల్ల ముఖం ఎలా ఉందో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. నవ్వుతూ అడిగి ఉంటుంది. సార్ వద్దంటారన్న ధీమాతో నవ్వి ఉంటుంది.

డాక్టరు సర్టిఫికెట్ ఎందుకు తేలేదో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. డాక్టరు చెవి చూస్తాడు, చూస్తే రాస్తాడు, రాస్తే ఉద్యోగం ఏమవుతుందో. అదొక భయం. నీకు చెబితే ఆ ప్రమోషను అక్కడే పారేసి మొదటి బండి పట్టుకుని వచ్చేస్తావు, అదింకో భయం. ఫోన్లో ఆ రోజు నీ గొంతు ఒక సన్నటి జుమ్మనే చప్పుడు. అందులో నువ్వెక్కడున్నావో వెతుక్కుంటూ మంచిది మంచిది అన్నాను. పెట్టేశాక ఆఫీసు గదిలో అందరూ వెళ్ళేదాకా అక్కడే కూర్చున్నాను.

ఆ పిల్ల మీ రేవులోనే ఉంది. ఏ షెడ్డో వాళ్ళమ్మకి తెలియదు. వెతుకు. వస్తుందో రాదో తర్వాతి మాట. నేను వెళ్ళమనలేదని, నాకసలు వినపడలేదని, అదొక్కటీ దానికి తెలియాలి.

మాస్టారు

---

రేవు వీధి
అక్టోబరు

ఏమండీ,

మీ ఉత్తరం కూర్చునే చదివాను.

ముందు తిట్టాలి కాబట్టి తిడుతున్నాను. నేను చెప్పేవి ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారని ఇన్నేళ్ళుగా దెప్పుతుంటే, ఆ చెవులే పోయాయని నాకు చెప్పరా? ఏడాదా? ఒకే ఇంట్లో ఆరేడు నెలలు నాకు తెలియకుండా ఎలా నెగ్గుకొచ్చారు? పేపరు వెనకనుంచి ఊఁ ఊఁ అన్నారు, నేను అది ఎప్పుడూ ఉండేదే అనుకున్నాను. అంటే నేనూ మీ క్లాసులో ఒక పిల్లనే. నాకూ బాగుంది కూర్చో అనే చెప్పారు.

ఇక నేనేమనుకున్నానో విని నవ్వండి. నేను లేకపోవడం మీకు అలవాటైపోయిందనుకున్నాను. ఆ రేవు గోడ మీద కూర్చుని, నాకూ అలవాటు చేసుకోవాలి కాబోలు అని రోజూ మనసుకి పాఠం చెప్పుకున్నాను. అది మొద్దు పిల్ల, ఒక్క రోజు కూడా వినలేదు. చెవుడేనా? ఇంకేం లేదా? దేవుడా అని ఏడ్చాను. చెవుడని తెలిసి ఊరట పడ్డ ఆడది ఎక్కడా ఉండదేమో.

రేపే ఆసుపత్రికి వెళ్ళండి. ఇది ప్రశ్న కాదు, జవాబు రాయక్కర్లేదు.

ఎందుకమ్మ కోసం శనివారం, ఆదివారం తిరిగాను. ఇక్కడ రొయ్యల షెడ్లు వరసగా రేవు పొడుగునా ఉన్నాయి. లోపల ఐసు నీళ్ళ బల్లలు, వాటి చుట్టూ ఆడవాళ్ళు. నిలబడి ఒలుస్తూనే ఉంటారు. మేస్త్రీ గుమ్మంలోనే ఆపేశాడు. "పిల్లలెవరూ లేరమ్మా ఇక్కడ, అందరూ పెద్దవాళ్ళే" అన్నాడు. ఆయన కాళ్ళ పక్కనే విడిచిన చెప్పులు గుట్టగా ఉన్నాయి. అందులో నా అరచేయంతవి చాలా ఉన్నాయి. వాటిని చూశాను, ఆయన్నీ చూశాను. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

దొరకలేదు. మళ్ళీ వెళ్తాను.

మీ
పంతులమ్మ

---

కాలవ గట్టు
నవంబరు

పంతులమ్మా,

వెళ్ళాను. డాక్టరు కుర్రవాడు. చెవిలో దీపం పెట్టి చూసి, గదిలో కూర్చోబెట్టి చప్పుళ్ళు వినిపించి, కాగితం మీద గీత గీసి చూపించాడు. కొండ దిగినట్టు దిగిపోయింది గీత. పోయింది తిరిగి రాదన్నాడు. కుడి చెవికి మిషను ఇచ్చాడు. పెట్టుకుంటే చెంచా పడ్డా పిడుగు పడ్డట్టుంది. అందరి మాటలూ వినపడతాయి గానీ ఎవరి మాట ఏదో తెలియదు. మనిషి ఎదురుగా ఉండి, నేను పెదవులు చూస్తూ వింటే మాత్రం చాలావరకు పట్టుకోగలను.

హెడ్మిస్ట్రెస్ కి చెప్పాను. ఆవిడ కోప్పడతారనుకుంటే, "క్లాసుకి మీరే చెప్పండి" అన్నారు.

చెప్పాను. బోర్డువైపు కాదు, వాళ్ళవైపు తిరిగి. మీరు అడిగినవి నాకు వినపడలేదు, వినపడినట్టు నటించాను అన్నాను. ముందు బెంచీలో లీడరు పిల్ల లేచి, చుట్టూ చూసి, నా దగ్గరికొచ్చి, నా ముఖానికి ఎదురుగా నిలబడి చెప్పింది. "మాకు తెలుసు సార్. మీరు బాధపడతారని ఎవరూ అనలేదు."

తెలుసట! అందుకే ప్రశ్నలు అడగడం మానేశారట. సార్ ని ఇబ్బంది పెట్టకూడదని వాళ్ళలో వాళ్ళే ఒప్పందం చేసుకున్నారట. అర్థం కాని లెక్కలు పక్క సెక్షను పిల్లల దగ్గర చెప్పించుకుంటున్నారట. ఎందుకమ్మ ఒక్కతే ఒప్పుకోలేదట. గట్టిగా అడిగితే వినపడుతుంది, మీరెవరూ సరిగ్గా అడగడం లేదు అని వాళ్ళతో పోట్లాడేదట.

ఇప్పుడు ప్రశ్న ఉన్నవాళ్ళు బోర్డు దగ్గరికి వచ్చి, నా ఎదురుగా నిలబడి అడుగుతున్నారు. రెండోసారి చెప్పమంటే విసుక్కోవడం లేదు. వాళ్ళు కుప్పగా తెచ్చిన పాత ప్రశ్నల్లో ఒకదానికి నాకు జవాబు తెలియలేదు. తెలీదు అన్నాను. ఎక్కాల మీద అనుమానమైతే ఇంకా ఎవరికీ రాలేదు.

రెండో బెంచీలో ఆ చోటు ఖాళీగానే ఉంచారు. నేనటువైపు చూడడానికి భయపడుతున్నాను. దొరికిందా?

నీ
మాస్టారు

---

రేవు వీధి
నవంబరు చివర

ఏమండీ,

దొరికింది.

నేను షెడ్ల చుట్టూ తిరుగుతున్న సంగతి మా క్లాసుకి చెప్పి, ఎవరికైనా తెలిస్తే చెప్పండర్రా అన్నాను. ఆ సాయంత్రం నేను ఇంటికి బయల్దేరుతుంటే గేటు దగ్గర వెనక బెంచీ పిల్ల నిలబడి ఉంది. వాళ్ళమ్మ కూడా రొయ్యలే ఒలుస్తుందట. "టీచర్, చివరి షెడ్డులో ఒకమ్మాయి ప్రతిదానికీ ఎందుకు అంటుంది. అందరూ నవ్వుతారు" అంది. ఆదివారం ఆ పిల్లే నన్ను వెనక దారిన తీసుకెళ్ళింది.

మధ్యాహ్నం కాసేపు వాళ్ళకి విరామం. బయట పాత వల మీద కూర్చుని ఉంది. ఎంత చిక్కిపోయిందో. నేను మీ లెక్కల సారు భార్యనని చెప్పగానే చేతులు వెనక్కి దాచుకుంది. వేళ్ళన్నీ నాని తెల్లబడిపోయాయి.

"సార్ పంపారా?" అంది.

"అవునమ్మా."

"ఎందుకు? ఆయనే కదా వెళ్ళమన్నారు."

"వెళ్ళమనలేదు. నువ్వడిగింది ఆయనకి వినపడలేదు. ఆయనకి చెవులు పోయాయి."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లోపల ఏదో లెక్క వేసుకున్నట్టుంది. "నేను గట్టిగానే అడిగాను" అంది. తర్వాత, "వినపడకపోతే మరి బాగుంది అని ఎందుకన్నారు?" అంది. భయం వేసి ఉంటుందన్నాను. "సార్ కా? దేనికి?" ఆ ప్రశ్న మీకే వదిలేశాను.

మళ్ళీ తనే అంది. "వినపడలేదంటే, నేనింకా అడగనట్టే కదా టీచర్."

ఆ మాటకి ఏడ్చింది నేను.

వాళ్ళ పిన్ని వచ్చింది. మొదట మీదపడి పోట్లాడింది. దీన్ని తీసుకుపోతే అక్కడ బావ మందులెవరు కొంటారు, మీరా అంది. ఆవిడదీ తప్పనలేను. నేను అరవకుండా ఆవిడ పక్కనే కూర్చుని రొయ్యలు ఒలవడం మొదలుపెట్టాను. నా చేతకానితనం చూసి నవ్వొచ్చింది ఆవిడకి. నవ్వాక మాట కలిసింది. రొయ్యల పడవలు పొద్దున్నే వస్తాయి కాబట్టి మధ్యాహ్నానికి షెడ్డులో పని పల్చబడుతుందట. మధ్యాహ్నాలు బడికి పంపిస్తానంది. సగం బడి. అంతకుమించి ఇప్పటికి రాలేదు. మా హెడ్మాస్టరు గారు పేరు రాసుకున్నారు. నేను సాయంత్రాలు పొద్దుటి పాఠాలు చెప్తున్నాను. చేరిన మొదటి రోజే, సముద్రం ఉప్పగా ఉంటే వాన ఎందుకు ఉప్పగా ఉండదని అడిగింది. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది.

మీ దగ్గరనుంచి కబురేమైనా ఉందా అని రోజూ అడుగుతోంది. నోటితో కాదు, నా ముఖంలోకి చూసి.

మీ
పంతులమ్మ

---

కాలవ గట్టు
డిసెంబరు

పంతులమ్మా,

నీ ఉత్తరం చదివి ఇంట్లో ఉండలేక వీధిలోకి వచ్చాను. దర్జీ మిషను ఆపి, ఏమైంది మాస్టారూ అన్నాడు. నాకు వినపడింది. ఏమీ కాలేదు, దొరికింది అన్నాను. ఏది అని కూడా అడగకుండా ఆయన నా భుజం పట్టుకున్నాడు.

దరఖాస్తు పంపాను. డాక్టరు ఉన్నదున్నట్టు రాశాడు, నేనూ దిద్దమనలేదు. ఆర్డరు ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో తెలియదు. వస్తే అక్కడ క్లాసు ఇస్తారో, లైబ్రరీలో కూర్చోబెడతారో అదీ తెలియదు. నాకిప్పుడు ఏది ఇచ్చినా ఫరవాలేదనిపిస్తోంది. నిజానికి అలా అనిపించడం లేదు, క్లాసే కావాలి. కానీ నీతో ఇక అబద్ధాలు చెప్పను కాబట్టి రెండూ రాస్తున్నాను.

ఆర్డరు కోసం ఆగలేను. సెలవు పెట్టాను. శుక్రవారం పొద్దుటి బండికి వస్తున్నాను.

నా క్లాసు పిల్లలు ఆ చోటు ఇప్పుడు వేరే అమ్మాయికి ఇచ్చేశారు. ఎందుకమ్మకి అక్కడ బెంచీ దొరికిందని చెబితే సరే అన్నారు.

ఆ పిల్లకి కబురేమీ పంపను. తన ప్రశ్నకి జవాబు ఒక్క మాట. వద్దమ్మా, వెళ్ళకు అని. అది ఆ రోజు చెప్పాల్సింది, ఇప్పుడు చెబితే వెళ్ళిపోయిన పిల్లకి చెప్పినట్టే ఉంటుంది. అయినా అది తను అడగాలి, నేను విని చెప్పాలి. నీతో చెప్పించను. సార్ కి దేనికి భయం అని అడిగిందన్నావే, అదీ నేనే చెప్పుకుంటాను.

నీ గొంతు ఎలా ఉంటుందో నాకు గుర్తుందని అనుకుంటున్నాను. ఈమధ్య అనుమానం వస్తోంది. మిషనులోంచి వింటే అది వేరేలా ఉంటుందేమో. అదొక్కటే కాస్త దిగులు.

నీ
మాస్టారు

---

రేవు వీధి
డిసెంబరు

ఏమండీ,

ఇది మీకు బండెక్కేలోపు అందాలని పరుగున పోస్టు చేస్తున్నాను.

ఇక్కడి స్టేషను పెద్దది, గోల. మైకులో చెప్పేది చెవులున్నవాళ్ళకే అర్థం కాదు, మీరు కంగారు పడకండి. మీరు దిగిన పెట్టె దగ్గరే నిలబడండి. నేనే వెతుక్కుంటూ వస్తాను. వెనకనుంచి పిలవను. చుట్టు తిరిగి మీ ఎదురుగా వచ్చి నిలబడతాను. నన్ను చూశాకే మాట్లాడతాను.

ఎందుకమ్మ కూడా వస్తానంటోంది. పిన్ని ఆ పూట పంపుతానంది. అద్దం ముందు నిలబడి నెమ్మదిగా, పెదవులు బాగా కదిపి మాట్లాడడం నేర్చుకుంటోంది. తనేమి అడుగుతుందో నాకు చెప్పడం లేదు. అది సార్ కీ తనకీ మధ్య సంగతట.

నా గొంతు గురించి దిగులు పడకండి. సముద్రపు గాలికి కొంచెం బొంగురుపోయింది, మీరు మర్చిపోయినా నష్టం లేదు, కొత్తది వినండి. నా ముఖం చూస్తూ వినాలి అంతే. ఇన్నేళ్ళ కాపురంలో మీరు నా ముఖం చూస్తూ నా మాట విన్నది ఎన్నిసార్లు? ఎప్పుడూ ఆ పేపరొకటి మధ్యలో ఉండేది. ఇక దాన్ని దించక తప్పదు.

ఈ ఆరు నెలల్లో మీతో అనుకున్నవి చాలా ఉన్నాయి. ఒక్కటీ ఉత్తరంలో రాయలేదు. రేవు గోడ మీద కూర్చుని అన్నీ మళ్ళీ మళ్ళీ వరస పెట్టుకున్నాను, మీరొచ్చేసరికి వరస తప్పుతుందని తెలుసు.

గదిలో కుర్చీ ఒకటే ఉంది. ఇంటావిణ్ణి అడిగి రెండోది తెచ్చి, దానికి ఎదురుగా వేశాను.

మీ
పంతులమ్మ